జర్మనీలో కొత్త రూమ్మేట్‌కు పోపు వాసన ఇబ్బంది: ఎలా సర్దుకోవాలి?

లైప్‌జిగ్‌లో మాస్టర్స్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. అక్టోబరు నుంచి ఒక జర్మన్ అమ్మాయితో కలిసి ఉంటున్నాను. ఎవరి గది వారిదే. వంటగది, నడవా ఉమ్మడి. నడవాలోనే ఇద్దరి కోట్లూ వేలాడుతుంటాయి. ఇబ్బంది అక్కడే మొదలైంది. రాత్రి 7.30కి నేను పోపు పెడితే ఇంగువ, ఎండుమిరపకాయల ఘాటు తన ఉన్ని కోటుకు పట్టి మర్నాడు క్లాసులో కూడా వదలడం లేదని చెప్పింది. మర్యాదగానే చెప్పింది, నాకూ న్యాయమైన మాటే అనిపించింది.

అప్పటి నుంచి వంటగది తలుపు మూసే వండుతున్నాను. పొయ్యి మీది హుడ్ గాలిని బయటకు పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకని దాని బొగ్గు ఫిల్టరు మార్చాను. వంట కాగానే, ఎంత చలి ఉన్నా, పది నిమిషాలు కిటికీ బార్లా తెరుస్తున్నాను. వంట వేళను సాయంత్రం 5 గంటలకు, ఆమె ఇంటికి రాకముందుకు జరిపాను. అయినా ఘాటు పూర్తిగా పోవడం లేదు. మూడు వారాలుగా ఆమె నాతో కూర్చుని తినడం మానేసింది. చెప్పాల్సింది ఫ్రిజ్ మీద చీటీ రాసి అంటిస్తోంది. వాసన గొడవ కన్నా ఈ మౌనమే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

పప్పు, చారు లేకుండా నాకు గడవదు, పోపు మానలేను. వారంలో రెండు రోజులే పోపు పెడతానని, ఆ రోజుల్లో కోట్లు గదుల్లో ఉంచుకుందామని ఎదురుగా కూర్చుని అడగాలనుకుంటున్నాను. విదేశాల్లో ఇలా రోజులు ముందే అనుకున్నవారికి రూమ్మేట్‌తో మళ్లీ మాట కలిసిందా, లేక మరో పద్ధతి ఏదైనా పనిచేసిందా?