అప్‌డేట్: ఉప్పు మేత పెట్టినా డాల్ ఎలుకలలో రక్తపోటు పెరగకపోవడానికి కారణం తెలిసింది

ఉప్పు తింటే రక్తపోటు పెరిగే డాల్ జాతి ఎలుకలకు 3 వారాలపాటు 4 శాతం ఉప్పు కలిపిన మేత పెట్టినా, మేము పరీక్షిస్తున్న రక్తపోటు మందు ఇవ్వని గుంపులో సైతం రక్తపోటు అంతంతమాత్రంగానే పెరిగిందనీ, అలాంటప్పుడు మందు పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలనీ గతంలో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

లోపం మేతలోనే ఉండవచ్చన్న సలహా నిజమైంది. ఈ ఎలుకలతో చాలా ఏళ్లు పనిచేసిన ఒక శాస్త్రవేత్త మా రికార్డులు పరిశీలించి, మేము ధాన్యాలతో చేసిన మామూలు మేతలో ఉప్పు కలిపామని గుర్తించారు. ఉప్పు మోతాదు ఒకటే అయినా, కేసీన్ (పాల ప్రోటీన్) వంటి శుద్ధి చేసిన పదార్థాలతో తయారైన శుద్ధ మేత మీద పెరిగిన ఎలుకలలోనే రక్తపోటు, మూత్రపిండాల నష్టం ఎక్కువగా కనిపిస్తాయట. కొత్త ఎలుకలను పాలు మాన్పించిన నాటి నుంచి 0.4 శాతం ఉప్పున్న శుద్ధ మేత మీద పెంచి, తరువాత 4 శాతానికి మార్చగా రక్తపోటు స్పష్టంగా పెరిగింది.

తోకకు పట్టీ కట్టి తీసిన కొలతలను అనుమానించాము గానీ, శరీరంలో అమర్చిన టెలిమెట్రీ పరికరంతో సరిచూసినప్పుడు వాటిలో తప్పేమీ కనబడలేదు. గది ఉష్ణోగ్రతకూ దీనికీ సంబంధం లేదు.

ఇంకొక పొరపాటు నన్ను ఎక్కువ బాధపెట్టింది. మందును తాగునీటిలో కలిపి ఇచ్చాము; ఉప్పు ఎక్కువ తిన్న ఎలుకలు నీళ్లూ ఎక్కువ తాగుతాయి కనుక, వాటికి అనుకున్న మోతాదును మించి మందు అందింది. ఇప్పుడు బరువును బట్టి గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి ఇస్తున్నాము. ఈ ఎలుకల రక్తంలో రెనిన్ (రక్తపోటును పెంచే హార్మోన్ వ్యవస్థను మొదలుపెట్టే ఎంజైమ్) తక్కువ కాబట్టి, పోలిక కోసం ఆ వ్యవస్థను అడ్డుకునే లోసార్టాన్‌కు బదులు, మూత్రం ద్వారా ఉప్పును బయటకు పంపే హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నాము.