సమస్య: "దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు" – పూరణలు, సమీక్షలు

నిర్వాహకుడు:

ఈసారి ఇచ్చినది ఆటవెలదిలో నాలుగవ పాదం.

దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు

ధర్మరాజు దయ్యానికి మ్రొక్కడం వినగానే అసంబద్ధంగా తోస్తుంది. ఆ అసంబద్ధత ధర్మరాజులో ఉన్నదా, 'దయ్యము' అనే పేరులో ఉన్నదా అన్నది పూరణకర్తలే తేల్చాలి. చివర ప్రశ్నార్థకం చేర్చి "మ్రొక్కునా?" అన్న భావంతో పంపిన పూరణలను స్వీకరించలేదు. పాదాన్ని కదపకుండా విరోధాన్ని పరిహరించినప్పుడే అది పూరణ అవుతుంది.

మొదటి పూరణ (రాజమహేంద్రవరం సభ్యులు):

నీటి కొలని చెంత నిలిచిన యక్షుండు
తమ్ముల నలువురను ధరకుఁ గూల్చ,
ప్రశ్నలన్ని విప్పి, పరిచయ మెఱుఁగని
దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు.

నిర్వాహకుడు:

అరణ్యపర్వ కథను నాలుగు పాదాలలో చక్కగా ఇమిడ్చారు. యక్షరూపంలో ఉన్నవాడు తండ్రి అయిన ధర్ముడే అని అప్పటికి ధర్మరాజుకు తెలియదు కనుక 'పరిచయ మెఱుఁగని' అన్న విశేషణం బరువైనది. కొలను అన్న మాటలోనే నీరు ఉన్నది కాబట్టి 'నీటి' వ్యర్థపదం. 'నీలి కొలని చెంత' అంటే యతి చెడదు, దృశ్యమూ కనబడుతుంది.

ఒక సభ్యురాలు:

గురువుగారూ, కుబేరుని పరివారమైన యక్షుని దయ్యమనడం సమంజసమేనా?

నిర్వాహకుడు:

సమంజసమేనమ్మా. అమరకోశం విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచాలు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు అనే పదింటినీ ఒకే వరుసలో నిలిపి దేవయోనులు అన్నది. అప్సరసను ఒక పక్క, పిశాచాన్ని మరొక పక్క కూర్చోబెట్టడం ఇప్పుడు మనకు వింతగా ఉంటుంది గాని, ఆ కోశకారునికి ఇద్దరూ ఒకే కులం.

రెండవ పూరణ (చిత్తూరు సభ్యులు):

తమిళసీమవారు దైవము నే పేరఁ
బిలుతు, రదియె మనకు భీతి గొలుపు;
మున్ను తెలుఁగునందు మూలార్థ మదె కాన
దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు.

నిర్వాహకుడు:

సమస్య నాడిని పట్టుకున్న పూరణ ఇది. 'దైవము'నకు తద్భవం 'దయ్యము'. పాత తెలుగులో ఆ మాటకు వేలుపు అని అర్థం. తరువాత అది కిందికి జారి, మఱ్ఱిచెట్టు మీదికి చేరింది. తమిళంలో 'తెయ్వం' నేటికీ గుడిలోనే ఉన్నది. ఉత్తర కేరళలో, కన్నూరు, కాసరగోడు ప్రాంతాలలో, ముఖానికి రంగులద్ది తలపై 'ముడి' అనే ఎత్తైన కిరీటం ధరించి ఆడే 'తెయ్యం' ఎదుట జనం చేతులు జోడించి ఆశీస్సులు అడుగుతారు. కన్నడ 'దెవ్వ' మన దయ్యం వలెనే భయపెడుతుంది. తుళునాడులోనైతే 'భూత'మన్నా 'దైవ'మన్నా కోలం (వేషం) కట్టి కొలిచేదే. పొరుగిళ్ళలో ఒకే మాటకు ఇన్ని గతులు పట్టడం నన్ను ఎంతగానో కదిలిస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు చేతులెత్తి పిలిచిన పేరునే మనం ఇప్పుడు పిల్లలను బెదిరించడానికి వాడుతున్నాం.

పద్యంలో ఒక కొరత ఉన్నది. మూడు పాదాలూ నిఘంటువు చెప్పే పనిలో పడి, ధర్మరాజు ఏ దైవానికి, ఎక్కడ, ఎందుకు మ్రొక్కాడో చెప్పడం మరచాయి.

మూడవ పూరణ (విశాఖపట్నం సభ్యులు):

బర్మ నేలినట్టి పతి యనిరుద్ధుండు
బుద్ధభక్తుఁడయ్యుఁ బూర్వరీతి
నాట్ల ముప్పదేడు నయముగ గుడి నిల్పి
దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు.

నిర్వాహకుడు:

బౌద్ధ రాజులకు 'ధమ్మరాజ' బిరుదు ఉన్నందున ధర్మరాజు శబ్దం ఇక్కడ బాగా అన్వయిస్తుంది. నట్లు బర్మా జనం కొలిచే భూతదేవతలు. 'నాట్ల' అంటే మనవారికి వరినాట్లు స్ఫురిస్తాయి. బర్మా ఉచ్చారణలో అకారం హ్రస్వమే కాబట్టి 'నట్ల' అంటే గణమూ యతీ నిలుస్తాయి.

అంతకన్న పెద్ద అభ్యంతరం చరిత్రకు సంబంధించినది. 1044 నుండి 1077 వరకు పగాన్‌ను పాలించిన అనవ్రథ, అంటే మీ అనిరుద్ధుడు, నట్ల ఆరాధనను మాన్పించబోయి, జనం మానకపోవడంతో ముప్పై ఏడుగురిని ష్వెజిగోన్ స్తూపం ఆవరణలోకి రప్పించి, వారిపై తగ్యామిన్‌ను నాయకునిగా నిలిపాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. తగ్యామిన్ మరెవరో కాదు, మన శక్రుడే, అంటే ఇంద్రుడే. కనుక అక్కడ రాజు నట్లకు మ్రొక్కలేదు. నట్లనే బుద్ధుని వాకిట నిలబెట్టాడు. 'మ్రొక్కె' అన్న క్రియ ఆయన పట్ల న్యాయం కాదు.

నా పూరణ:

దేవుఁ డనెడి పలుకు తిరిగి యిరానునఁ
బాడు భూత మయ్యె, భానుసుతుఁడు
శివుని కెఱఁగఁ గాంచి చెప్పెను పారసి
"దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు".

ఇక్కడ ధర్మరాజు యముడు. వేదంలో వివస్వంతుని కొడుకు యముడైతే, పారసీకుల మతగ్రంథమైన అవెస్తాలో వీవంఘ్వంతుని కొడుకు యిముడు. మన 'దేవ' అక్కడ 'దఏవ'గా దుష్టశక్తి అయింది. మన 'అసుర' శబ్దమేమో 'అహుర'గా అహుర మజ్దా పేరులో పరమాత్మ స్థానం పొందింది.

రాజమహేంద్రవరం సభ్యులు:

భావం అపూర్వం. అయితే పారసీకునికి శివుడెవరో తెలుసునా? ఆ పేరే అక్కడ లేనప్పుడు అతని నోట నింద ఎలా పలుకుతుంది?

నిర్వాహకుడు:

మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. జరతుష్ట్ర మత గ్రంథమైన వెందిదాదులో దఏవల నడుమ ఇంద్రునితో పాటు 'సౌర్వ' అనే పేరు ఉన్నది. అది మన 'శర్వ' శబ్దానికి తోబుట్టువు, శర్వుడంటే శివుడే. నేను 'శివుని' అన్నచోట అతనికి తెలిసిన ఆ పేరే ఉండవలసింది. సవరిస్తున్నాను:

శర్వుఁ గొలువఁ గాంచి చాటెను పారసి
"దయ్యమునకు మ్రొక్కె ధర్మరాజు".