అప్‌డేట్: 'బగ్' అనే మాట చిమ్మట వల్లే వచ్చిందా?

సాఫ్ట్‌వేర్ లోపాన్ని బగ్ (ఇంగ్లిష్‌లో పురుగు) అనడం కంప్యూటర్‌లో దొరికిన పురుగుతోనే మొదలైందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పురుగు కథ నిజమే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 అనే పాతకాలపు కంప్యూటర్‌లోని రిలేలో (విద్యుత్ స్విచ్‌లో) చిమ్మట ఇరుక్కుంది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, 'బగ్ నిజంగా దొరికిన మొదటి కేసు' అని రాశారు. అంటే ఆ మాట అప్పటికే వాడుకలో ఉందన్నమాట, లేకపోతే ఆ జోకే పేలదు! 1878లోనే ఎడిసన్ ఒక ఉత్తరంలో యంత్రాల్లోని చిన్న లోపాలను బగ్స్ అన్నాడు.

నాకు బాగా నచ్చింది ఇంకా పాత సంగతి. 1535 నాటి ఇంగ్లిష్ అనువాదమైన కవర్‌డేల్ బైబిల్ కీర్తనల్లో రాత్రిపూట భయపెట్టే భూతాలే బగ్స్. పురుగు అనే అర్థం ఆ తర్వాతి శతాబ్దంలో కనిపిస్తుంది. అన్నట్టు, కీటకశాస్త్రం లెక్కలో బగ్ అంటే ఒక ప్రత్యేక పురుగుల వర్గం; ఆ లెక్కన నల్లి బగ్గే, చిమ్మట మాత్రం కాదట!