అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది, అంగిలి మీద ఎర్రగా ఉంది. నొప్పి లేదు కదా అని ఆగొచ్చా?

ప్రశ్న: జీడితోట

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మమ్మది టెక్కలి దగ్గర పల్లె, వయసు 71. తనకు ఇరవై ఏళ్ల వయసప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పాతతరం ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. ఊడ్పుల్లో వాన పడినా చుట్ట ఆరిపోదని, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదని మొదలుపెట్టానంటుంది అమ్మమ్మ. ఇప్పుడు చంకలో బిడ్డా లేదు, ఊడ్పులూ లేవు. చుట్టలు మాత్రం రోజుకు నాలుగైదు.

మొన్న పెద్దపండగకు వెళ్లాను. కనుమ రోజు మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి తలకు నూనె రాస్తుంటే, తల వెనక్కి వాల్చి ఆవులించింది. నోటి పైభాగం కనబడింది. అంగిలి అంతా తెల్లగా, నీళ్లు ఇంకిన చెరువు మట్టిలా గీతలు పడి ఉంది. అక్కడక్కడా ఎర్ర చుక్కలు. కుడివైపు వెనకగా కందిగింజంత మేర మాత్రం ఎర్రగా, పచ్చిగా ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

అడిగితే, "నొప్పి నేదు, పోటు నేదు. ఒగ్గీవే గుంటా" (వదిలెయ్యవే పిల్లా) అంది. వాళ్లమ్మ తొంభై ఏళ్లు వచ్చేదాకా ఇలాగే తాగిందట, ఏమీ కాలేదట. మావయ్య ఏమో, చెల్లి పెళ్లి మేలో ఉంది, అది అయ్యాక చూద్దాం, ఈ వయసులో కత్తి పెట్టిస్తే ఉన్నది కాస్తా పాకుతుంది అంటున్నాడు. ఊళ్లో డాక్టర్ గారు బీకాంప్లెక్స్ మాత్రలు, పూతమందు ఇచ్చారు. రాసి పన్నెండు రోజులైంది. అమ్మ చూసి, అలాగే ఉందని ఫోన్లో చెప్పింది.

మే వరకు ఆగొచ్చా? అసలు ఎవరికి చూపించాలి? ఆమెను ఎలా ఒప్పించాలి? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు 1: వంశధార గట్టు

చెల్లీ, మే వరకు ఆగొద్దు. వచ్చే వారం వరకూ కూడా ఆగొద్దు. ఎందుకంటున్నానో కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపికగా చదువు.

మాది నరసన్నపేట వైపు. మా అమ్మా అడ్డపొగే తాగేది. 58 ఏళ్లప్పుడు అంగిలి మీద నువ్వు చెప్పినట్టే ఎర్రగా కనబడింది. కనబడింది అంటున్నాను కానీ, మేం చూసింది లేదు. కారం తింటే మండుతోందని తను ఒకసారి అంది, అంతే. ఆ మంట కూడా తర్వాత తగ్గింది. తగ్గింది కాబట్టి మరిచిపోయాం. అలా ఎనిమిది నెలలు. మధ్యలో పై దవడ పన్ను ఒకటి కదిలింది. వయసు కదా, పళ్లు కదలవా అనుకుని ఊళ్లోనే పీకించాం. ఆ గుంట పూడలేదు. రోజూ ఉప్పునీళ్లు పుక్కిలించేది. ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే తను మింగబోయిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు పరిగెత్తాం.

పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. అంగిలితో పాటు పై దవడలో సగం తీసేశారు, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఆ ఖాళీని మూయడానికి పళ్ల సెట్టులాంటి ప్లేటు చేసిచ్చారు. ప్లేటు ఉంటేనే తిండి. తీస్తే గంజి ముక్కులోంచి కారేది, మాట ముక్కుతో వచ్చేది. మా అమ్మ ఊళ్లో పెళ్లిళ్లకు మంగళహారతులు పాడే మనిషి. ఆపరేషన్ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేసింది, తన గొంతు తనకే కొత్తగా ఉందని. రెండేళ్ల మూడు నెలలు బతికింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటే. ఆ ఎనిమిది నెలల్లో ఏ రోజైనా ఫోన్ లైటు వేసి "అమ్మా, నోరు తెరు" అని ఒక్కరం అడగలేదు. నాలుక కనబడుతుంది, పెదవి కనబడుతుంది. అంగిలిని ఎవరు చూస్తారు? తాగే మనిషికే కనబడదు.

అమ్మ పోయిన నెలకు మా పిన్నిని, ఆ వీధిలో అడ్డపొగ తాగే ఇంకో ఆరుగురిని ఆటో మాట్లాడి తీసుకెళ్లాను. అందరూ తిట్టారు. ఆరుగురిలో ఎవరికీ భయపడాల్సింది లేదన్నారు, తాగడం మానమన్నారు. మా పిన్నికి మాత్రం పెసరగింజంత మచ్చ. తనకు ఉన్నట్టే తెలియదు. ముక్క పరీక్షలో క్యాన్సర్ కాదు, అటు పోయే మార్పు అని వచ్చింది. ఆ మేరకు తీసేశారు. చుట్ట మానడానికి ఐదు నెలలు పట్టింది, మధ్యలో వాళ్ల తోడికోడలు పోయినప్పుడు మళ్లీ అంటించింది, మళ్లీ మానింది. ఇప్పుడు మూడు నెలలకోసారి చూపించుకుంటుంది.

ఒప్పించడం గురించి. నువ్వు "క్యాన్సర్" అని మొదలుపెడితే ఆమె ఇంట్లోంచి కదలదు. అలాగని అబద్ధం చెప్పి తీసుకెళ్లకు, దారిలో తెలిస్తే ఇక జన్మలో నమ్మదు. పొద్దున్న వెలుగులో కూర్చోబెట్టి అంగిలిని ఫొటో తీయించు. తీసి ఆమెకే చూపించు. యాభై ఏళ్ల నుంచి నిప్పు పెట్టుకుంటున్న చోటు ఎలా ఉందో ఆమె ఒక్కసారి కూడా చూసుకుని ఉండదు. మా పిన్ని ఫొటో చూశాకే ఆటో ఎక్కింది.

జవాబు 2: మెట్ట పొలం

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మా నాయనమ్మను 80 ఏళ్ల వయసులో ఆసుపత్రుల చుట్టూ తిప్పాం. చివరి ఆరు నెలలు ఆమె ఇంట్లో ఉన్నది తక్కువ. పెద్దవాళ్లకు ఏం కావాలో కూడా అడగండి. మీ మావయ్య భయం నాకు అర్థమవుతోంది.

జవాబు 3: వంశధార గట్టు

అన్నా, అడగాలి, కాదనను. కానీ నోట్లో ఏముందో తెలియకుండా ఆమె మాత్రం ఏం చెప్తుంది? ముందు చూపించనివ్వండి. తెలిశాక వైద్యం వద్దంటే అది ఆమె నిర్ణయం. మా అమ్మకు ఆ నిర్ణయం తీసుకునే వీలు కూడా మేం మిగల్చలేదు.

జవాబు 4: పళ్ల డాక్టర్, విశాఖ

విశాఖలోనే చదివాను, ఇక్కడే ప్రాక్టీసు. అడ్డపొగ అంగిళ్లు చాలా చూశాను.

దేశంలో మిగతా చోట్ల ఖైనీ, గుట్కా వల్ల బుగ్గలో, చిగుళ్ల దగ్గర, నాలుక మీద వచ్చే క్యాన్సర్లే ఎక్కువ. గట్టి అంగిలి మీద రావడం అరుదు. మన మూడు జిల్లాల్లో అలా కాదు, ఎందుకంటే పొగతో పాటు నిప్పు వేడి కూడా నేరుగా అక్కడే తగులుతుంది. ఏళ్ల తరబడి కాలడంతో అంగిలి చర్మం మందమై తెల్లబడుతుంది. మీరు చూసిన ఎర్ర చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లు వాచినవి. ఈ రెండూ అడ్డపొగ తాగేవాళ్లలో చాలామందికి ఉంటాయి. నాకు అనుమానం కలిగించేది ఆ కందిగింజంత పచ్చి భాగం. నోట్లో తెలుపు కంటే ఎరుపును ఎక్కువ అనుమానించాలి. రెండు మూడు వారాల్లో మానని పుండు ఏదైనా డాక్టర్ చూడాల్సిందే, నొప్పి ఉన్నా లేకపోయినా. మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండకపోవడమే నోటి క్యాన్సర్ తీరు. ఫొటో చూసి మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేరు, నేను కూడా.

మీ మావయ్య గారితో నా మాటగా చెప్పండి: ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. ఆలస్యం చేస్తే పాకుతుంది. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి గింజంత ముక్క తీస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

చూడటం వల్ల లాభమేంటని అడిగేవాళ్లుంటారు. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది, సుమారు లక్షా తొంభై వేల మందితో. కొన్ని ప్రాంతాల్లో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి నోరు తెరిపించి చూశారు, కొన్నిచోట్ల చూడలేదు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో, నోరు చూసిన చోట నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్లు వాడింది కళ్లూ, లైటూ.

ఇంకొకటి, ఇది మన జిల్లా సంగతి. 1970ల చివర్లో మొదలుపెట్టి 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో దేశంలో వేర్వేరు రాష్ట్రాల్లోని మూడు జిల్లాల్లో ఒక ప్రయత్నం చేశారు, అందులో శ్రీకాకుళం ఒకటి. ఊరూరా తిరిగి మాన్పించే ప్రయత్నం చేస్తే, మానినవాళ్లలో, తగ్గించినవాళ్లలో నోటి మచ్చలు తగ్గాయి. కాబట్టి యాభై ఏళ్లు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం అని ఆమెను అననివ్వకండి. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356.

ముందు టెక్కలి జిల్లా ఆసుపత్రిలో గానీ శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో గానీ దంత విభాగంలో చూపించండి. క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రైల్లో వస్తే దువ్వాడలో దిగితే దగ్గర. ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి, ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్సకు అడుగుతారు. కట్టుడు పళ్లు ఉంటే చూపించే ముందు తీయించండి. పూతమందు ఆపేయండి, అది రోజులు గడపడానికి తప్ప పనికిరాదు.

జవాబు 5: ఊరి క్లినిక్ సిస్టర్

నేను పల్లెలో విలేజ్ క్లినిక్‌లో పని చేస్తున్నాను. 30 దాటిన అందరికీ నోరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మేమే ఉచితంగా చూస్తాం. నోరు తెరవమంటే ముసలమ్మలు సిగ్గుపడి రెండు వేళ్ల సందు తెరుస్తారు. అలా అయితే అంగిలి కనబడదు. కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, లైటు కింద నుంచి పైకి వేయాలి. ఫొటో తీసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండమ్మా.

అమ్మమ్మ గురించి ఇంత తపన పడుతున్నారు. మీ అమ్మగారు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా? గర్భాశయ ముఖద్వారం పరీక్షకు పలచటి ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తాం, అంతే. నొప్పి ఉండదు. మా దగ్గరికి బిడ్డల్ని, అత్తల్ని తీసుకొచ్చే ఆడవాళ్లు చాలామంది తమ వంతు వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉందని వెళ్లిపోతారు. అమ్మమ్మతో పాటు అమ్మను కూడా కూర్చోబెట్టండి. మీకు 30 దాటితే మీరూ.

జీడితోట (ప్రశ్న అడిగినవారు)

అందరికీ చేతులెత్తి నమస్కారం. వంశధార అక్కా, మీ అమ్మగారి సంగతి అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఇద్దరం ఏడ్చాం.

నిన్న పొద్దున్న సిస్టర్ గారు చెప్పినట్టే తల వెనక్కి వాల్చి అమ్మ ఫొటో తీసింది. నాలుగోది స్పష్టంగా వచ్చింది. అమ్మమ్మకు చూపిస్తే కళ్లద్దాలు తెమ్మందట. చాలాసేపు చూసి, "ఇది నా నోరేనా?" అని అడిగిందట. తర్వాత మావయ్యను పిలిచి అతనికీ చూపించింది. మావయ్య ఏమీ మాట్లాడలేదట, సాయంత్రం తనే వచ్చి కారు మాట్లాడానని చెప్పాడట.

గురువారం టెక్కలి వెళ్తున్నారు. నేను బుధవారం రాత్రి బస్సు ఎక్కుతున్నాను. అమ్మ కూడా చూపించుకుంటానంది, నాకు 31, నేనూ చూపించుకుంటాను. అమ్మమ్మ మాత్రం ఒకటి అడిగింది, ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్న ఒక్క చుట్ట తాగొచ్చా అని. అమ్మ ఏం చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేసింది. డాక్టర్ గారూ, వద్దని గట్టిగా చెప్పమంటారా? ఆ రోజు ఆమె భయపడుతూ ఉంటుంది కదా.

పళ్ల డాక్టర్, విశాఖ

వద్దని ప్రేమగా చెప్పండి. పొగ మసి ఉంటే రంగు సరిగా తెలియదు, అదే కారణం చెప్పండి, అది నిజం కూడా. సోంపు పొట్లం ఒకటి చేతికివ్వండి. ముక్క తీస్తే రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో ఇంట్లో చుట్ట కనబడకుండా చూసుకోండి. రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి.