యూరప్‌లో పది రోజులు: ఏ బీరు అక్కడే తాగాలి, ఏది సీసాలో తెచ్చుకోవాలి?

ఉప్పల్_కుర్రాడు:

అక్టోబరు రెండో వారంలో పది రోజులు యూరప్ వెళ్తున్నాను. దారి ఇది: ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, బ్రసెల్స్, మళ్లీ వెనక్కి బాంబర్గ్, చివర ప్రాగ్, అక్కడి నుంచి హైదరాబాద్. మన మైక్రోబ్రూవరీల్లో దొరికే వీట్ బీరు, స్టౌట్, ఐపీఏ రుచులు తెలుసు. "తాగి తీరాల్సిన బీర్లు" లాంటి జాబితాలు చాలా చూశాను. వందేసి పేర్లు ఉంటాయి, ఏది ఎందుకు తాగాలో మాత్రం ఉండదు.

ఈ దారిలో వెతుక్కుని వెళ్లదగ్గవి ఏవి? సుంకం లేకుండా దేశంలోకి తెచ్చుకోగల రెండు లీటర్ల పరిమితిలో ఏవి తెచ్చుకుంటే పాడవకుండా ఉంటాయి? బాగా పుల్లగా ఉండే బెల్జియం బీర్లంటే కొంచెం భయం, అవి నిజంగా అంత గొప్పవా?

---

మడ్డి_మావయ్య:

జాబితాలు పక్కన పెట్టి బీర్లను రెండు కుప్పలు చేయండి. తాజాదనమే ప్రాణమైనవి ఒక కుప్ప, సీసాలో ఏళ్ల తరబడి ఉండి మారేవి ఇంకో కుప్ప. మొదటివి అక్కడే తాగాలి, రెండోవి మాత్రమే సూట్‌కేసుకి. మీ దారిలో కొలోన్, బాంబర్గ్, చెక్ మొదటి కుప్ప. బెల్జియం దాదాపు అంతా రెండోది.

ముందు చెక్. పిల్స్‌నర్ ఉర్కెల్ ప్రపంచమంతా దొరుకుతుంది కదా, అక్కడిదాకా వెళ్లి అదే తాగడమేంటి అనుకోవద్దు. బయట దొరికే ఆకుపచ్చ సీసా వేరు, ప్రాగ్‌లో దొరికేది వేరు. "టాంకోవ్నా" అని బోర్డు ఉన్న చోటికి వెళ్లండి. అక్కడ పాశ్చరైజ్ చేయని బీరు బ్రూవరీ నుంచి ట్యాంకరులో వస్తుంది. స్టీలు ట్యాంకు లోపలి సంచిలో ఉంటుంది, సంచి బయటి నుంచి గాలితో నొక్కి పైకి తోస్తారు, అంటే బీరుకి గాలి తగలదు. వేడి చేయలేదు కాబట్టి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి, జాటెక్ ప్రాంతపు హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన అలాగే ఉంటాయి.

ఈ బీరు 1842లో పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ చేతుల్లో పుట్టింది. ఇప్పటికీ మాల్ట్ ముద్దలో కొంత భాగాన్ని మూడుసార్లు విడిగా తీసి మరిగించి తిరిగి కలుపుతారు. ఆ రొట్టె అంచు లాంటి రుచి అందులోంచే వస్తుంది. ప్రాగ్ నుంచి పిల్సెన్‌కి రైల్లో గంటన్నర. బ్రూవరీ టూరులో నేలమాళిగలో ఓక్ పీపా నుంచి వడకట్టని బీరు పోస్తారు. ఒక పూట దానికి కేటాయించండి, నష్టపోరు.

పోసే పద్ధతి కూడా మీరే చెప్పొచ్చు. "హ్లాదింకా" అంటే మూడు వేళ్ల మందం నురగతో మామూలు గ్లాసు. "మ్లీకో" అంటే గ్లాసంతా తడి నురగే, అది విరగకముందే గుక్కలో తాగేయాలి. తియ్యగా ఉంటుంది, తమాషాకి ఒకటి చాలు.

మెనూలో 10°, 12° అని కనిపిస్తే ఆల్కహాలు శాతమనుకుని కంగారు పడకండి. పులియబెట్టకముందు ద్రవంలో ఉన్న చక్కెరల కొలత అది. 10 డిగ్రీలంటే సుమారు 4 శాతం ఆల్కహాలు, 12 అంటే సుమారు 5. ఉర్కెల్ 12కి దగ్గర్లో ఉన్నా 4.4 శాతమే, ఎందుకంటే కొంత చక్కెరని పులియకుండా వదిలేస్తారు.

బాంబర్గ్‌లో ష్లెంకర్లా బ్రూవరీ. బార్లీ మాల్ట్‌ని బీచ్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. వందల ఏళ్ల కిందట మాల్ట్ ఆరబెట్టాలంటే చాలాచోట్ల కట్టెల మంటే దిక్కు, కాబట్టి బీరులో పొగ మామూలు సంగతే. మిగతా ఊళ్లు పొగ తగలని బట్టీలకి మారాయి, ఇక్కడ రెండు బ్రూవరీలు వదల్లేదు. ష్లెంకర్లా వాళ్ల మెర్త్సెన్ అనే బీరు 5.1 శాతం, చెక్క పీపా నుంచి పోస్తారు. మొదటి గుక్కలో పొగబెట్టిన మాంసం నోట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పకండి. ముక్కు పొగకి అలవాటు పడ్డాకే కింద ఉన్న మాల్ట్ తెలుస్తుంది. మరీ ఘాటనిపిస్తే అదే ఊళ్లో రెండో బ్రూవరీ ష్పెత్సియాల్‌కి వెళ్లండి, అక్కడ పొగ తక్కువ.

కొలోన్‌లో ఆ ఊరి బీరు కోల్ష్‌ని 200 ఎమ్మెల్ సన్న గ్లాసుల్లో ఇస్తారు. గ్లాసు చిన్నదని నవ్వుకోవద్దు, బీరు వేడెక్కకముందే అయిపోవాలనే ఆ కొలత. ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి మీ అట్టముక్క మీద గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టముక్కని గ్లాసు మీద మూతలా పెట్టాలి. ఈ మాట తెలియక ఏడో గ్లాసు దగ్గర దిక్కులు చూసేవాళ్లు ఎక్కువ.

---

బిరడా_రాణి:

పుల్లటి బీర్ల గురించి నేను చెప్తాను. కల్లు తెలిసినవాళ్లకి లాంబిక్ అనే బెల్జియం పుల్లటి బీరుని అర్థం చేసుకోవడం తేలిక. కల్లులో ఎవరూ ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపరు, గాలిలో, లొట్టిలో ఉన్నదే పని మొదలుపెడుతుంది. లాంబిక్‌దీ అదే దారి. తేడా ఏమిటంటే కల్లు ఒక్క పూటలో పులిస్తే, లాంబిక్ ఓక్ పీపాలో ఏళ్లు తీసుకుంటుంది.

బ్రసెల్స్‌లో కాంటియోన్ చూడండి. 1900 నుంచి ఉన్న బ్రూవరీ, మిడి స్టేషన్ నుంచి నడిచే దూరమే, మ్యూజియంలా లోపలంతా తిరిగి చూడొచ్చు. మూడింట ఒక వంతుకి పైగా మాల్ట్ చేయని గోధుమ, మిగతాది బార్లీ మాల్ట్. హాప్స్ కూడా కావాలనే ఏళ్లు నిలవబెట్టినవి వాడతారు. వాసన, చేదు పోయి, చెడు బ్యాక్టీరియాని ఆపే గుణం మిగలాలని. మరిగిన ద్రవాన్ని అటక మీద వెడల్పాటి రాగి తొట్టెలో రాత్రంతా వదిలేస్తారు. రాత్రులు చల్లబడితేనే ఇది కుదురుతుంది, అందుకే వంట చలికాలంలోనే, సుమారు అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా. మీరు వెళ్లేసరికి ఇంకా మొదలవకపోవచ్చు, కానీ తొట్టె, పీపాలు చూడొచ్చు, రుచీ చూడొచ్చు.

ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో పడితే గోజ్. కొత్త లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలో మళ్లీ పులుస్తుంది, బుడగలు అక్కడి నుంచి వస్తాయి. క్రీక్ అంటే పుల్ల చెర్రీలు వేసింది, కాంటియోన్‌లో లీటరుకి 200 గ్రాములు వేస్తారు.

మోసపోయే చోటు ఇక్కడే. సూపర్‌మార్కెట్‌లో "క్రీక్" అని ఉన్నవి చాలా వరకు తీపి కలిపినవి, జ్యూసులా ఉంటాయి. లేబుల్ మీద పేరుకి ముందు "ఔడ్" (Oude) అనే మాట ఉందో లేదో చూడండి. ఆ మాట చట్టరక్షణ ఉన్నది, తీపి కలిపినవాటికి వాడకూడదు.

భయం ఉంటే మొదటి గ్లాసు కాంటియోన్ వద్దు, అది చింతపండు రసం నిలువునా తాగినట్టు తగలొచ్చు. బూన్ వాళ్ల ఔడ్ గోజ్‌తో మొదలుపెట్టండి, పులుపు మెత్తగా ఉంటుంది. లేదంటే రోడెన్‌బాఖ్ గ్రాండ్ క్రూ, 6 శాతం. ఇది లాంబిక్ కాదు, పెద్ద ఓక్ పీపాల్లో రెండేళ్లు ఉన్న బీరుకి మూడోవంతు కొత్త బీరు కలుపుతారు. దానిమ్మ, వెనిగర్ మధ్యలో ఉంటుంది రుచి. ఖాళీ కడుపుతో మాత్రం ఇవేవీ వద్దు.

---

గ్లాసు_సగం:

వెస్ట్‌వ్లెటెరెన్ 12 ఎవరూ ఎత్తలేదేంటి? ప్రపంచంలో నంబర్ వన్ అంటారు కదా.

---

మడ్డి_మావయ్య:

మంచి బీరే, 10.2 శాతం, ఎండు ఖర్జూరం, మాడిన చక్కెర రుచి. కానీ ఆ పేరులో సగం దొరకకపోవడం వల్ల వచ్చింది. సెయింట్ సిక్స్‌టస్ మఠం సన్యాసులు తమ ఖర్చులకి సరిపడా మాత్రమే చేస్తారు, తిరిగి అమ్ముకోవద్దని కొనేవాళ్లకి చెప్తారు. బ్రసెల్స్ దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా ఆ మాట దాటి వచ్చినవే, ధర కొన్ని రెట్లు ఉంటుంది. సరిగ్గా తాగాలంటే రైల్లో పోపరింగ్ దాకా, ఆఖరి స్టేషన్ అదే, అక్కడి నుంచి మఠం ఎదురుగా ఉన్న "ఇన్ డె వ్రెడె" కెఫేకి. రానుపోను రోజంతా పడుతుంది. వారంలో సెలవు రోజులుంటాయి, చూసుకుని బయల్దేరాలి.

పది రోజుల్లో ఒకరోజు దానికి ఇవ్వమని నేననను. సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12 ఏ మంచి దుకాణంలోనైనా మామూలు ధరకే ఉంటుంది. పక్క ఊరు వాటూలో చేస్తారు, 10 శాతం. 1946 నుంచి 1992 దాకా మఠం పేరున బయట అమ్మిన బీరు చేసింది వీళ్లే. ఇప్పుడు రెండూ ఒకటి కావు, కానీ చుట్టరికం నాలుకకి తెలుస్తుంది.

సూట్‌కేసు లెక్క. తలకి రెండు లీటర్లు, ఇందులో అన్ని మద్యాలూ కలిపే. డ్యూటీ ఫ్రీలో లీటరు విస్కీ కొన్నారా, బీరుకి మిగిలేది లీటరే. బెల్జియం సీసా 330 ఎమ్మెల్, ఆరు సీసాలంటే 1.98 లీటర్లు, కొలిచి చేసినట్టు సరిపోతుంది. నేనైతే రోష్‌ఫోర్ 10 రెండు (11.3 శాతం), ఓర్వాల్ రెండు, వెస్ట్‌మాల్ ట్రిపెల్ ఒకటి (9.5 శాతం), ఆబ్ట్ 12 ఒకటి అంటాను. గోజ్ కావాలంటే రెండు 330లు తీసేసి 375 ఎమ్మెల్ చిన్న సీసా ఒకటి పెట్టండి.

ఆరు నిండు సీసాలు సుమారు మూడున్నర కిలోలు. చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. ఒక్కో సీసాని జిప్ సంచిలో వేసి, మేజోడులో దూర్చి, బట్టల మధ్యలో, సూట్‌కేసు గోడలకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి. పైకెళ్తే పేలుతుందన్న భయం వద్దు, సామాన్ల అరలోనూ గాలి పీడనం ఉంటుంది. పగిలేది కింద విసిరినప్పుడే. రెండు సీసాలు ఒకదానికొకటి తగలకుండా చూస్తే చాలు.

---

ఉప్పల్_కుర్రాడు:

చాలా థ్యాంక్స్ అన్నా, రాణి గారూ. ఒక్కటి చెప్పండి, ఇంట్లో ఫ్రిజ్ తప్ప చల్లటి చోటు లేదు. వచ్చే వేసవి దాకా ఉంచొచ్చా? ఇంకొకటి, కాలిఫోర్నియాలో ఉన్న కజిన్ డిసెంబరులో వస్తున్నాడు, ప్లైనీ ది ఎల్డర్ అనే అక్కడి బీరు తెమ్మననా?

---

బిరడా_రాణి:

ప్లైనీ వద్దు. రష్యన్ రివర్ వాళ్ల 8 శాతం డబుల్ ఐపీఏ అది, తాజాగా ఉంటే అద్భుతం. కానీ దాని గొప్పతనమంతా హాప్స్ వాసనలోనే, మొదట పోయేదీ అదే. దాచొద్దు, తాజాగా తాగండి అని ఆ లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఎండలో కారు డిక్కీలో ఒక పూట, విమానాశ్రయాల్లో రెండు పూటలు గడిచి మీ చేతికొచ్చేసరికి చేదు మిగిలి వాసన పోతుంది. కజిన్‌ని ఉత్త చేతులతో రమ్మనండి, లేదా ఏదైనా మంచి బారెల్ ఏజ్డ్ స్టౌట్ (చెక్క పీపాలో నిలవబెట్టిన నల్ల బీరు) తెమ్మనండి.

ఫ్రిజ్ పర్లేదు. బీరు పాతబడటానికి సరైన వేడి 10 నుంచి 14 డిగ్రీలు, ఫ్రిజ్‌లో 4 దగ్గర ఆ మార్పు నెమ్మదిస్తుంది, అంతేగానీ పాడవదు. పాడుచేసేవి వేడి, వెలుతురు. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఇంట్లో గది 35 దాటుతుంది. ఆ వేడిలో కొన్ని వారాలు ఉంటే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ఇక వెలుతురు హాప్స్ చేదు పదార్థాలని విరగ్గొట్టి గంధకపు కంపు పుట్టిస్తుంది. గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు పెద్దగా ఆపదు. దుకాణం కిటికీలో ఎండ తగిలే అర నుంచి ఆకుపచ్చ సీసా ఎప్పుడూ తీసుకోవద్దు, లోపలి అరలోది అడగండి.

ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా మడ్డి కదులుతుంది. లోపల నిలువుగా నిలబెట్టండి.

---

మడ్డి_మావయ్య:

తాగే రోజు ఫ్రిజ్ నుంచి తీసి మన ఎండాకాలంలో ఇరవై నిమిషాలు, చలికాలంలో నలభై నిమిషాలు బయట ఉంచండి. రోష్‌ఫోర్, ఆబ్ట్ లాంటివి 12 డిగ్రీల దగ్గర విప్పుకుంటాయి. ఐసు చల్లగా తాగితే ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు వద్దే వద్దు.

గ్లాసుకి జిడ్డు ఉంటే నురగ నిలవదు. సబ్బుతో కడిగాక వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. తడిపి చూస్తే నీళ్లు పలచటి పొరలా జారాలి. చుక్కలు చుక్కలుగా నిలిచిందంటే జిడ్డు ఉన్నట్టే. పోసేటప్పుడు గ్లాసు వంచి, ఆపకుండా ఒకేసారి పోయాలి. ఆపి ఆపి పోస్తే సీసా ఊగిన ప్రతిసారీ అడుగు మడ్డి లేస్తుంది. చివరి వేలెడు బీరు సీసాలోనే వదిలేయండి. ఆ మడ్డి ఈస్టే, హాని లేదు, కొంచెం చేదు. కావాలంటే విడిగా చిన్న గ్లాసులో రుచి చూడొచ్చు.

ఓర్వాల్ రెండు సీసాలు అన్నది ఊరికే కాదు. అందులో బ్రెటనోమైసెస్ అనే అడవి ఈస్ట్ వేస్తారు, అది సీసాలో నెలల తరబడి మిగిలిన చక్కెరల్ని నెమ్మదిగా తింటూ ఉంటుంది. కొత్తదానికి హాప్స్ చేదు, నారింజ తొక్క వాసన. ఆరు నెలలు దాటితే తీపి పూర్తిగా పోయి కొత్త తోలు, ఎండుగడ్డి వాసన. లేబుల్ మీద సీసాలో పట్టిన తేదీ ఉంటుంది, దానికి ఐదేళ్ల తర్వాతిది గడువు తేదీ. కొనేటప్పుడు రెండింటికీ పట్టిన తేదీ ఒకటే ఉండేలా చూసుకోండి. ఒకటి రాగానే తాగి, రెండోది మే నెలలో తీయండి.