గేమ్ పేటెంట్లు: ఆటగాడికి మేలా, కంపెనీలకు కంచా?

పర్లాకిమిడి_ప్లేయర్:
ఆట ఆడే తీరుకి పేటెంట్ ఇవ్వడమే తప్పని నా వాదన. లోడింగ్ అవుతుండగా చిన్న ఆట ఆడించే ఐడియాకి జపాన్ గేమ్ కంపెనీ నామ్‌కో 1998లో అమెరికా పేటెంట్ సంపాదించింది. 2015లో దాని గడువు తీరింది. ఈలోగా ఎస్ఎస్‌డీలు, అంటే డేటాని చాలా వేగంగా చదివే డ్రైవ్‌లు వచ్చి లోడింగ్ టైమే తగ్గిపోయింది. ఇక ఆ ఐడియా ఎవరికి కావాలి?

బరంపురం_కోడర్:
తమ్ముడూ, అదొక్కటి పట్టుకుని అన్నిటినీ తిట్టకు. స్ట్రీమింగ్, అంటే దూరంగా ఉన్న సర్వర్‌లో ఆట నడిచి వీడియోగా నీ దగ్గరికి రావడం, ఆ సంగతి వేరు. నువ్వు బటన్ నొక్కితే అది సర్వర్‌కి చేరాలి, అక్కడ బొమ్మ తయారవ్వాలి, వీడియోగా కుదించి వెనక్కి పంపాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్‌కి కేబుల్ 1,500 కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ 15 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు చూపే ఆటలో దాదాపు ఒక ఫ్రేము దారిలోనే పోయింది. మిగతా ఆలస్యం దీనికి అదనం. దాన్ని కప్పిపుచ్చడానికి, నువ్వు తర్వాత ఏం నొక్కుతావో ఊహించి ఫ్రేములు ముందే సిద్ధం చేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2014లో చూపించారు. ఇలాంటి పనికి ఏళ్లు పడతాయి, డబ్బూ కావాలి. పైగా పేటెంట్ కావాలంటే అది ఎలా పనిచేస్తుందో రాసి బయటపెట్టాలి.

సిరొంచ_వాసి:
మా దగ్గర కరెంటు పోతే కాసేపటికి టవరూ పోతుంది, మీరు మిల్లీసెకన్లు లెక్కపెడుతున్నారు! సరే, చట్టం సంగతి. మన 1970 పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ లేదు. 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకీ లేదు. అయితే ప్రోగ్రాం వల్ల సాంకేతికంగా ఏదైనా ప్రయోజనం ఉంటే దాన్ని చూడకుండా తోసెయ్యొద్దని 2019లో ఫెరిద్ అలానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంటే మీ గొడవ ఇక్కడ సగం తీరినట్టే.

పర్లాకిమిడి_ప్లేయర్:
ఎక్కడ తీరిందన్నా? ఇక్కడ చేసిన ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో పెడితే అమెరికా, జపాన్‌లలో కూడా అమ్ముడవుతుంది. అక్కడి పేటెంట్లు అక్కడ పట్టుకుంటాయి. పాల్‌వరల్డ్ అనే ఆట 2024 జనవరిలో వచ్చింది. సెప్టెంబరులో నింటెండో, పోకెమాన్ కంపెనీ దాన్ని చేసినవాళ్ల మీద టోక్యోలో కేసు వేశాయి. కేసులోని పేటెంట్లు ఆట వచ్చాకే దాఖలయ్యాయి! గోళం విసిరి జీవిని పిలిచే తీరుని పాల్‌వరల్డ్ వాళ్లు మార్చుకోవాల్సి వచ్చింది.

బరంపురం_కోడర్:
ఆ పేటెంట్లు 2021లోనే వేసిన పాత దరఖాస్తు నుంచి విడదీసినవి, అదీ చెప్పు. అయినా దాన్ని నేను వెనకేసుకురాను. కానీ అందరూ అలాగే లేరు. 2021లో ఈఏ అనే గేమ్ సంస్థ తన ఏపెక్స్ లెజెండ్స్ ఆటలోని పింగ్ సిస్టమ్‌తో (మాట్లాడకుండానే జట్టువాళ్లకి గుర్తు పెట్టి చూపే పద్ధతి) సహా 5 పేటెంట్లను ఎవరైనా వాడుకోవచ్చంది.

పర్లాకిమిడి_ప్లేయర్:
ఇద్దరు ముగ్గురు కలిసి ఆట తయారుచేసేవాళ్లు కంపెనీల దయ మీద బతకాలా?

సిరొంచ_వాసి:
అసలు చిక్కు 20 ఏళ్ల గడువు. ఆలోపు కన్సోళ్లు (ఆటలాడే పెట్టెలు) రెండు తరాలు మారిపోతాయి. ఆట తీరుకి అసలు వద్దు, స్ట్రీమింగ్ టెక్నిక్‌కి 5 ఏళ్లు చాలు. బరంపురం అన్నా, దీనికి ఒప్పుకుంటారా?

బరంపురం_కోడర్:
గడువు దాఖలు చేసిన రోజు నుంచే మొదలవుతుంది. పరిశీలన పూర్తయ్యేసరికే ఆ 5 ఏళ్లలో సగం పైన పోతే ఇంకేం మిగులుతుంది? 10 ఏళ్లంటే ఆలోచిస్తా.