రాళ్లు 'లైడ్'? 'లెయిడ్'? 'లే'? తెలిసినవాళ్లు చెప్పండి

కోట గైడు, ఖిలా వరంగల్

అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా ఖిలా వరంగల్‌లో టూరిస్టులకు కోట చూపిస్తున్నాను. టెన్త్ దాకా తెలుగు మీడియమే. నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా వాళ్ల నోట విని పట్టుకున్నదే.

నాలుగు కీర్తి తోరణాల దగ్గర ఇబ్బంది లేదు. అవి నిలబడే ఉన్నాయి, 'స్టాండ్'కు 'స్టుడ్' అని నాకు తెలుసు. తిప్పలంతా వాటి మధ్యలో ఉన్న రాళ్లతోనే. స్వయంభూ శివాలయం ముక్కలు అవి. 1323లో తుగ్లక్ సైన్యం కోటను పట్టుకున్నాక గుడిని పడగొట్టారు, అప్పటినుంచి ఇక్కడే పడి ఉన్నాయి అని చెప్పాలి. ఇన్నాళ్లూ 'దీజ్ స్టోన్స్ లైడ్ హియర్ ఫర్ సెవెన్ హండ్రెడ్ ఇయర్స్' అంటూ వచ్చాను. సంక్రాంతి సెలవుల్లో వచ్చిన ఒక పెద్దావిడ 'ఏం అబద్ధాలు చెప్పాయి బాబూ?' అంది. గ్రూపంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఎందుకో మాత్రం తెలియలేదు. రాత్రి ఇంటికొచ్చాక ఇంటర్ చదివే మా బిడ్డ చెప్పింది, లైడ్ అంటే అబద్ధమాడడమని. అంటే రాళ్లతో 700 ఏళ్లు అబద్ధాలు ఆడించాను!

సరే అని 'లెయిడ్' చేశాను. పోయిన ఆదివారం ఒక లెక్చరర్ సార్ 'హూ లెయిడ్ దెమ్?' అని అడిగాడు. నేను 'తుగ్లక్' అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, 'లే అనాలి' అని చెప్పి ముందుకు పోయాడు. 'లే' ఇప్పటి మాట కదా, గడిచిపోయినదానికి ఎట్లా వస్తుంది? పైగా మన దగ్గర లే అంటే లేవమని. పడి ఉన్న రాయిని పట్టుకొని లే అనడం ఏందో!

రిటైర్డ్ పంతులు, జమ్మికుంట

తమ్మీ, సిగ్గుపడకు, ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లే ఇక్కడ బోర్లా పడతారు. మన భాషతో చూస్తే తేలికే. పడి ఉండడం వేరు, పరచడం వేరు కదా? వాక్యాన్ని 'దేన్ని?' అని అడుగు. 'కూలీలు పరిచారు.' దేన్ని? ఇసుకను. జవాబు దొరికింది, కాబట్టి లెయిడ్. 'రాళ్లు పడి ఉన్నాయి.' దేన్ని? జవాబు లేదు. అక్కడ లై, లే, లెయిన్. చిక్కేమిటంటే 'లే' రెండిళ్లలో ఉంది: పరిచే ఇంట్లో ఇప్పటి మాట, పడి ఉండే ఇంట్లో నిన్నటి మాట. అబద్ధం ఆడే లై మూడోది, దానికి మాత్రం లైడ్. అది బుద్ధిమంతురాలు, రూల్ తప్పదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్నే తీసుకో. 2006లో విప్పారు. మళ్లీ కట్టి 2024లో తెరిచేదాకా ఆ రాళ్లు విడివిడిగానే ఉన్నాయి. ఆ మాట చెప్పాలంటే 'ద స్టోన్స్ లే దేర్'. కాకతీయులు పునాది గుంటలో ఇసుక పోసి దాని మీద కట్టేవాళ్లు, అక్కడ 'దే లెయిడ్ శాండ్'. నీ కోటలో రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి కాబట్టి ఉత్త 'లే' కూడా చాలదు, 'హావ్ లెయిన్ హియర్' అనాలి. ఆ లెక్చరర్ సార్ సగమే చెప్పి పోయాడు.

రామప్ప దారి, ములుగు

పంతులు గారూ, మీ మాట కరెక్టే కానీ 'లెయిన్' అంటే వినేవాళ్లకు సందు అన్న మాటలా వినిపిస్తుంది, రెండూ ఒక్కలాగే పలుకుతారు. 'హావ్ బీన్ లయింగ్' అందామంటే అబద్ధమాడడమూ లయింగే, ఆ పెద్దావిడ మళ్లీ నవ్వుతుంది. అన్నా, నువ్వు 'ద టెంపుల్ ఫెల్, ద స్టోన్స్ ఆర్ స్టిల్ హియర్' అను, గొడవ వదిలిపోతుంది.

కోట గైడు, ఖిలా వరంగల్

తమ్మీ, ఫెల్ అంటే దానంతట అదే పడిపోయినట్టు కాదా? పడగొట్టారు అన్న సంగతి పోతుంది. నాకు అది నచ్చలేదు.

కరీంనగర్ టీచర్

గైడన్నా, ఒక్క మాట. ఎవరైనా 'ముందు నుంచీ ఇక్కడేనా?' అని అడిగితే 'దే డిడ్ నాట్ లే' అనేరు. డిడ్ వచ్చిందంటే గతం అందులోనే అయిపోయింది, తర్వాతిది మొదటి రూపానికి వెళ్తుంది: 'డిడ్ నాట్ లై'. మా తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ 'డిడ్ నాట్ వెంట్' అంటారు, నా గొంతు పోతోంది.

కోట గైడు, ఖిలా వరంగల్

అందరికీ థాంక్స్. పంతులు గారి 'దేన్ని?' ఫోన్ కవర్ వెనక రాసి పెట్టుకున్నాను. ఈ పొద్దున పద్దెనిమిది మంది వచ్చారు. రాళ్ల దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, 'దీజ్ స్టోన్స్ హావ్ లెయిన్ హియర్ ఫర్ సెవెన్ హండ్రెడ్ ఇయర్స్' అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన చెయ్యి ఎత్తితే గుండె ఆగినంత పనైంది. మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.